కోసేసిన నలభై సెకన్లు

రోజు 9304

ఈ దినచర్యలో నేను నింపవలసిన గళ్ళు మూడే: హాజరు, పాఠం, పిల్లలు పీల్చిన గాలి. ఆ మూడూ నింపాక కింద ముప్పావు పేజీ మిగులుతుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే కాగితం పాడుచేసిందంటారు. రాస్తే ఎవరూ చదవరు. అందుకని పాతికేళ్ళుగా నోటికొచ్చిందల్లా ఇక్కడ రాస్తున్నాను. నా పేరు మజ్జి చంద్రకళ. సొరంగిపేట బడికి నేనొక్కదాన్నే టీచర్ని.

హాజరు పన్నెండు. పాఠం, పద్నాలుగో అధ్యాయం, "కుటుంబం, ఆరోగ్యం." బడి ముగించి పనుల్లోకి వెళ్ళబోయే పదిహేడేళ్ళ పిల్లలకి ఏడాదికి ఒక్కసారి చెప్పేది. చెప్పేది అని అలవాటుగా రాశాను గానీ, నేను చెప్పేదేమీ ఉండదు. దీపాలార్పుతాను, సినిమా వేస్తాను, వెనక గోడకి జారబడి నిలబడతాను. భూమి మీద ఎప్పుడో తీసిన సినిమా అది. శరీరం గురించి కొంత, రోగాల గురించి కొంత, చివర కండోమ్ గురించి. చెక్క నమూనా మీద ఎలా తొడగాలో, ఎలా తీయాలో చూపిస్తారు. పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు. ప్రశ్నలు అడగకూడదు. దీపాలు వేశాక పరీక్ష. అందరికీ నూటికి నూరు. ఆరేళ్ళుగా అందరికీ నూటికి నూరే. కమిటీవాళ్ళు ఇచ్చిన రేకు పతకం బడి తలుపుకి వేలాడుతోంది, "బోధనా నాణ్యతలో ప్రథమం" అని.

మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే ఆరోగ్య కేంద్రం గవరమ్మ వచ్చింది. ఆవిడ మూడో సొరంగం ఊరి మనిషి, నాలుగేళ్ళ కిందట మా ఊరికి పంపారు. వస్తూనే చెప్పింది.

"టీచరమ్మా, ఇంకో కడుపు. సీటీ నేకుండా."

"ఎన్ని అయ్యాయి?"

"రెండు. ఈ నెల్లోనే రెండు."

నా చేతిలో గిన్నె జారింది. చంద్రుడి మీద ఏది జారినా తాపీగా పడుతుంది, పట్టుకోవడానికి కావలసినంత టైముంటుంది. అయినా పట్టుకోలేకపోయాను. సొట్ట పడింది. నాలుగువందల పదకొండు కడుగులు తిన్న గిన్నె, కడిగినప్పుడల్లా గీసిన గుర్తులన్నీ అడుగున ఉన్నాయి. ఇంత వయసొచ్చాక గిన్నె పారేసిన మనిషినవుతానేమోనని దడ పుట్టింది. సుత్తితో సరిచేశాను.

రోజు 9309

హాజరు పన్నెండు. పాఠం, మంచును కరిగించడం.

నిద్ర సరిగా లేదు. చక్రంలో పడుకుంటే నాకెప్పుడూ నిద్ర పట్టేది, ఇప్పుడు పట్టట్లేదు. ఈ చంద్రుడి మీద మన బరువు భూమి మీది బరువులో ఆరో వంతు. నడవడానికి హాయిగా ఉంటుంది గానీ ఎముకలకి పనుండదు, అప్పడాల్లా అయిపోతాయి. ఊరి చివరి గుహలో ఒక పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది. అందులో పడుకుంటే భూమి మీద ఉన్నంత బరువు. పన్నెండే పడకలు, ఎప్పుడూ నిండే ఉంటాయి. ఆరు కడుపుతో ఉన్నవాళ్ళకి, ఆరు మాలాంటి ఎముకలరిగినవాళ్ళకి. కడుపుతో ఉన్న మనిషి అయిదో నెల నుంచి కాన్పు దాకా చక్రంలోనే ఉండాలి, లేకపోతే బిడ్డ వెన్ను నిలబడదు. మొదటి ఏడాది ఒక బిడ్డ విషయంలో చూశాం. మళ్ళీ చూడాలని లేదు.

అందుకే ఊళ్ళో వంతు చీటీలు. తొమ్మిది వందల మందిలో ఎవరు ఎప్పుడు బిడ్డని కనాలో చీటీ వస్తుంది. చీటీ వచ్చేదాకా జాగ్రత్తపడాలి. ఆ జాగ్రత్త ఏమిటో నేర్పేదే పద్నాలుగో అధ్యాయం. పెళ్ళిలో ప్రతి జంటకీ ఒక డబ్బా కండోమ్‌లు ఇస్తారు.

ఇవాళ గవరమ్మ మూడో పేరు చెప్పింది. పైడి నీలవేణి.

నీలవేణి ఈ ఊళ్ళో, ఈ చక్రంలో, బతికి పుట్టిన మొదటి బిడ్డ. దానికి అ ఆలు దిద్దించింది నేను. గాలి జల్లెళ్ళు దులిపే పనిలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఏ విషయమైనా అడిగి, మళ్ళీ అడిగి, నా ప్రాణం తీసి నేర్చుకునే పిల్ల. పెళ్ళయి ఏడాదైంది. చీటీ రావడానికి ఇంకా రెండేళ్ళుంది.

"దానికేం పోయేకాలం! పద్నాలుగో అధ్యాయంలో నూటికి నూరు తెచ్చుకుంది!" అని అరిచాను.

"ఇంతకుముందు ఆ ఇద్దరికీ నూరే వొచ్చిందంట," అంది గవరమ్మ.

రోజు 9312

హాజరు పదకొండు. ఒకడికి జలుబు.

కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు కూన దాలినాయుడుగారు, డెబ్భై ఏళ్ళవాడు, చక్రంలో నా పక్క పడక ఆయనదే. చెడ్డవాడు కాదు. ఈ ఊరిని ఆయనే నిలబెట్టాడు. చెంచా పోయినా లెక్క చెప్పించే మనిషి కాబట్టే నిలబెట్టగలిగాడు. ఇక్కడ పారేయడమంటే తప్పు. కమిటీ గది బయట పారవేత పెట్టె ఒక్కటే ఉంది, ఏదైనా అందులో వేస్తే పేరు రాసుకుంటారు, నెలాఖరు సమావేశంలో ఆ పేర్లు చదువుతారు. గత నెల ఇద్దరి పేర్లే చదివారు. ఒకాయన తలదించుకుని వెళ్ళిపోయాడు, అరిగిపోయిన చెప్పు కోసం.

దాలినాయుడుగారు ముగ్గురమ్మాయిల పేర్లూ చదివి ఇలా అన్నారు:

"పాఠం బాగుంది. పరీక్షలో నూరొచ్చింది. పెళ్ళిలో డబ్బా ఇచ్చేం. మరింకేటి సెయ్యాల ఊరు? ఇది ఒళ్ళు దగ్గరెట్టుకోనోళ్ళ తప్పు. వొంతు తప్పినోళ్ళకి సక్రంలో పడక నేదు. ఒకసారి ఇచ్చేమా, రేపు ఊరంతా లైనులో నిలబడతాది."

పదిరోజుల్లో ఊరి సమావేశంలో ఓటు పెడతారట. నన్ను చూసి, "టీచరమ్మా, మీ పాఠంలో లోటేవైనా ఉందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. బయటికొచ్చాను. బడి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, మళ్ళీ బడికి వెళ్ళాను. నీలవేణికి ఇప్పుడు మూడో నెల. ఇంకా రెండు నెలలు.

రోజు 9316

హాజరు పన్నెండు. పాఠం, ఏం చెప్పానో గుర్తులేదు.

బడి వదిలాక నీలవేణి ఇంటికెళ్ళాను, చెడామడా తిట్టాలని. దాని మొగుడు పోలిబాబు మంచు తవ్వకానికి పోయాడు. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది, కూర్చోబెట్టి చోడంబలి ఇచ్చింది. అంత ప్రేమగా ఇస్తుంటే తిట్లు గొంతులోనే ఉండిపోయాయి.

"ఏమిటే ఇది? నీకు తెలీని విషయమా?" అన్నాను చివరికి.

"నేను తప్పు సెయ్యనేదు టీచరమ్మా. ఒక్కరోజు కూడా మానలేదు. పోలినడగండి. ఒక్కరోజు కూడా."

"మరి ఎలా వచ్చిందే?"

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అదే నాకు తెల్దు. రోజూ అదే ఆలోచిస్తన్నాను. అన్నీ సరిగ్గా సేసేను."

నాకు ఎటు చూడాలో తెలియక గది చూస్తున్నాను. వేడిగాలి వచ్చే కిటికీ పక్కన తెర వేలాడుతోంది. గాలికి తెర పక్కకి జరిగింది. వెనక తాడు కట్టుంది. ఆ తాడుకి ఒక పక్క మేజోళ్ళు, ఒక పక్క జల్లెళ్ళు దులిపేటప్పుడు కట్టుకునే ముసుగు గుడ్డలు, మధ్యలో వరసగా, సమానమైన ఎడంతో, ఇరవై దాకా ఏవో పల్చగా ఊగుతున్నాయి. పొడి అద్ది ఉంది వాటికి.

లేచి దగ్గరికెళ్ళాను. నాకర్థం కావడానికి చాలాసేపు పట్టింది. కాదు, అర్థం కాకూడదని చాలాసేపు చూశాను.

"నీలా, ఇవేమిటే?"

దానికి సిగ్గేసింది గానీ కొంచెం గర్వం కూడా ఉంది. "అవే టీచరమ్మా. పెళ్ళిలో ఇచ్చిన డబ్బాలోవి. సూడండి, సివర సిరా సుక్కలున్నాయి, ఎన్నోసారి కడిగేనో. ఇది పంతొమ్మిది. నీళ్ళు పోసి సూత్తాను, సిల్లుంటే ముసుగులకి ఏసే జిగురుతో అతుకు ఏత్తాను. ఏడాదైంది, ఒక్కటి కూడా పారీలేదు."

"ఎవరు చెప్పారే నీకు కడగమని?"

అది అయోమయంగా చూసింది. "సెప్పాలేటి? కడగొద్దని ఎవులూ సెప్పనేదు కదా."

అంబలి గ్లాసు తాడు కింద పెట్టి, చెప్పకుండా వచ్చేశాను. తర్వాత సిగ్గేసింది, కనీసం గ్లాసైనా కడిగి రావలసింది.

రోజు 9317

హాజరు పన్నెండు. పిల్లలకి లెక్కలు ఇచ్చి కూర్చోబెట్టి, పక్క గదిలో నేనూ గవరమ్మా పోట్లాడుకున్నాం.

"పెళ్ళికూతురికి డబ్బా ఇచ్చేటప్పుడు ఒకసారి వాడి పారేయాలని చెప్పలేదా నువ్వు?"

"నానేటి సెప్తాను? సీర మడతలో ఎట్టి ఇచ్చీసేదాన్ని. సుట్టూ అత్తలు, ఆడపడుచులు! బళ్ళో టీచరమ్మ అన్నీ సెప్పీసుంటాది అనుకున్నాను."

"నేను చెప్పను, సినిమా వేస్తాను!"

"మరి సినిమాలో సెప్పలేదేటి?"

అప్పుడు గవరమ్మే ఇంకో సంగతి చెప్పింది. తను వచ్చిన నాలుగేళ్ళలో రెండో డబ్బా కావాలని ఒక్క కొత్త జంట కూడా రాలేదట. గోదాంలో పదకొండు వేలు అలాగే ఉన్నాయట. ఊరి పొదుపని కమిటీ మెచ్చుకుంది కూడానట.

"పాతోళ్ళ కాలంలో ప్రతి సందులోనూ మూత డబ్బా ఉండేదంట కదా, దేనికి?" అని అడిగింది.

దేనికో నాకు తెలుసు, ఇలాంటివి వేయడానికే. అయిదేళ్ళ కిందట పొదుపు వారాల్లో వాటిని ఊడబెరికి బకెట్లు చేసుకున్నాం. నా బడిలో ఇప్పుడు నీళ్ళు తోడే బకెట్టు అదే.

పిల్లలు వెళ్ళాక తలుపేసుకుని సినిమా వేశాను. ఆరేళ్ళలో మొదటిసారి దీపాలార్పకుండా చూశాను. పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లకి, చెక్క నమూనా మీంచి జాగ్రత్తగా తీస్తారు, అంతే, టక్కున అయిపోతుంది. సినిమా పెట్టె మీద కాగితం అంటించి ఉంది. దాని మీద నిడివి పదమూడు నిమిషాలు.

అప్పుడు గుర్తొచ్చింది. ఊహూ, అప్పుడు కాదు. నిన్న తాడు చూసినప్పుడే గుర్తొచ్చింది. రాయడానికి ఇవాళ్టి దాకా పట్టింది.

పాత దినచర్యల బీరువా తీశాను. రోజు 7109. నా దస్తూరీయే. "పద్నాలుగో అధ్యాయం సినిమా చివరి నలభై సెకన్లు కోసేశాను. అందులో ఒకతను వాడినదాన్ని ముడివేసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో పారేస్తాడు. 'ఒక్కసారే వాడాలి, తర్వాత పారేయాలి' అంటాడు. మన పిల్లలకి పారేయడం నేర్పే పాఠం మనకెందుకు? అధ్యక్షులు దాలినాయుడుగారు చాలా సంతోషించి సంతకం పెట్టారు. ఇక నుంచి దీపాలార్పి వేద్దామని, ప్రశ్నలు వద్దని కూడా నిర్ణయించాం. పోయినేడు ఒక పిల్ల ఏదో అడిగితే క్లాసంతా నవ్వింది, నాకు చెమటలు పట్టాయి."

కింద ఇంకో వాక్యం: "ఇవాళ మనసుకి హాయిగా ఉంది."

రోజు 9318

హాజరు పదకొండు.

ఆరేళ్ళు దాటిన దినచర్యలు నీళ్ళలో నానబెట్టి కొత్త కాగితం చేస్తారు. 7109 ఉన్న పుస్తకం ఈ నెలాఖరు జాబితాలో ఉంది. అంటే ఓటు అయిన మర్నాడు. నేనేమీ చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

ఊరికే కూర్చోవడమే నాకు చేతకావట్లేదు. బీరువా తీస్తాను, మూస్తాను. ఆ పుస్తకం బల్ల మీద పెడతాను, మళ్ళీ లోపల పెడతాను.

మధ్యాహ్నం దాలినాయుడుగారు వచ్చారు, కర్ర పట్టుకుని. గవరమ్మ చెప్పినట్టుంది, బల్ల మీదున్న ఆ పుస్తకం తిప్పి చూశారు.

"సూసేను, సంతకం నాదే. గుర్తుంది," అన్నారు.

"మరి?"

"మరేటి? ఆరేళ్ళు ఊరికి నూటికి నూరు నేర్పేవు అనుకున్నాం. ఇప్పుడు తప్పు అంటే మన ఇద్దరి మొకాలు ఎక్కడెట్టుకుంటాం? రేపట్నించి సరిగ్గా సెప్పు. పాతదంతా నానిపోద్ది. నువ్వు బడి ఒదులుకోవాల, నాను కుర్చీ ఒదులుకోవాల... దేనికి?"

"ఆ ముగ్గురి పడకల కోసం."

ఆయన అరిగిన నా తుంటి వైపు చూశారు. "పడకలు పన్నెండే అమ్మా. ఆళ్ళకిస్తే పోయేది ఎవులిదో ఆలోచించేవా?"

ఆలోచించలేదు. ఆయన వెళ్ళాక ఆలోచించాను. చక్రం లేకపోతే ఏడాదిలో కర్ర, రెండేళ్ళలో మంచం. నాకు యాభై నాలుగు. నడవకుండా ఉండలేని మనిషిని, ఈ పేజీ రాస్తూ కూడా మూడుసార్లు లేచాను. నాకు భయంగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. చాలా భయంగా ఉంది.

రోజు 9322

హాజరు లేదు. ఊరి సమావేశం.

పెద్ద గుహ నిండా జనం. ముందు వరసలో మూడు జంటలు. నీలవేణి పోలిబాబు చెయ్యి పట్టుకుని కూర్చుంది. మెడ మీద మచ్చ, ఏడుపు ఆపుకుంటే అక్కడ ఎర్రబడుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే.

దాలినాయుడుగారు తీర్మానం చదివారు. ఎవరికైనా చెప్పుకునేది ఉందా అన్నారు. ఆ పిల్లలు ముగ్గురూ నోరెత్తలేదు. ఏం చెప్తారు? అన్నీ సరిగ్గా చేశామనుకుంటున్నారు, ఎక్కడ తప్పారో తెలీదు, తెలీని తప్పుకి తలొంచుకుని కూర్చున్నారు. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. నా మీద నాకే.

"నాకుంది," అని లేచాను. సంచీలోంచి పాత పుస్తకం తీసి 7109 చదివాను. "ఇవాళ మనసుకి హాయిగా ఉంది" దాకా చదివాను.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అప్పుడు ఆ నలభై సెకన్లు వేసి చూపించాను. అవి ఉన్నాయి మరి. సొరంగిపేటలో ఎవరైనా ఏదైనా పారేస్తారా? కోసిన ముక్కకి నంబరు వేసి, ముక్కల అరలో దాచాను ఆరేళ్ళ కిందట. దీపాలార్పకుండానే వేశాను. తెల్లచొక్కా వేసుకున్న అతను ముడివేశాడు, కాగితంలో చుట్టాడు, బుట్టలో వేశాడు. చేతులు కడుక్కున్నాడు. "ఒక్కసారే వాడాలి, తర్వాత పారేయాలి," అన్నాడు.

గుహలో ఎక్కడో వెనకనుంచి ఒకమ్మాయి, "ఓలమ్మో," అంది. తర్వాత ఇంకొకరు. జంటలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఎన్ని ఇళ్ళలో ఎన్ని తాళ్ళున్నాయో అప్పుడు తెలిసింది నాకు. నీలవేణి మాత్రం తెరనే చూస్తోంది, ఆ మనిషి ఆగిపోయాక కూడా.

"ఇది వాళ్ళ అజాగ్రత్త కాదు. వాళ్ళు ఈ ఊరు నేర్పింది నేర్పినట్టు చేశారు. ఎంత శ్రద్ధగా చేశారంటే పంతొమ్మిదిసార్లు కడిగి, చిల్లులకి అతుకులు కూడా వేశారు. కడిగితే రబ్బరు చివికిపోతుందనీ, కంటికి కనపడని చీలికలు పడతాయనీ చెప్పవలసింది నేను. చెప్పలేదు. తప్పు బడిది. కాబట్టి పడకలు ఊరే ఇవ్వాలి. నాలుగో పడక నాది, రాసుకోండి," అన్నాను.

"ఏడోది నాది. రాసుకోండి," అంది గవరమ్మ, కూర్చున్న చోటు నుంచే. ఆవిడ మోకాళ్ళు నా తుంటికన్నా అన్యాయం.

రెండయ్యాయి. మూడోదానికి ఎవరూ లేవలేదు. మిగిలిన నలుగురు ముసలాళ్ళూ నేల చూశారు, దాలినాయుడుగారితో సహా. నెలల వరసలో ఇస్తారు కదా, ముందు ఆ ఇద్దరికీ. మూడో నెల నీలవేణి మిగిలిపోయింది. నా పడక వేరే అమ్మాయికి పోయింది.

ఓటు వాయిదా వేశారు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తర్వాత బడి తలుపుకున్న పతకం ఊడదీస్తుంటే పోలిబాబు దగ్గరికి వచ్చాడు, కొడతాడేమో అనుకున్నాను. మేకు బిగుసుకుపోయి రాకపోతే సుత్తి తెచ్చి లాగిపెట్టి వెళ్ళిపోయాడు.

రోజు 9325

హాజరు నలభై ఒకటి. గాలి మామూలుకి మూడింతలు.

కొత్త టీచరు దొరికేదాకా నన్నే ఉండమన్నారు. పద్నాలుగో అధ్యాయం మళ్ళీ చెప్పాను. పన్నెండుమంది పిల్లలు, గత ఆరేళ్ళలో బడి ముగించినవాళ్ళు, ఇంకా ఎవరెవరో. వెనక బల్ల మీద కర్ర పట్టుకుని దాలినాయుడుగారు. పాఠం ఆపించడానికి వచ్చారనుకున్నాను.

దీపాలు ఆర్పలేదు. సినిమా మొత్తం పదమూడు నిమిషాలూ వేశాను. తర్వాత, "అడగండి," అన్నాను.

ఎవరూ అడగలేదు. చేతిలో సుద్ద ముక్కలైంది. పారిపోవాలనిపించింది, నిజం. వెనక్కి తిరిగి బోర్డు మీద పెద్ద అక్షరాలతో "కండోమ్" అని రాశాను. పాతికేళ్ళలో ఆ మాట పదిమంది ముందు రాయడం అదే మొదటిసారి. ఇటు తిరిగేసరికి ఒక చెయ్యి లేచి ఉంది.

"టీచర్, మా అన్న దగ్గర ఉన్న డబ్బా ఆరేళ్ళనాటిది. అది వాడొచ్చా?"

"డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. దాటితే వాడకూడదు."

ఇంకొకడు: "రోగాలు కూడా ఆపుద్దా, పిల్లలు పుట్టకుండానేనా?"

ఒకమ్మాయి, బల్లకేసి చూస్తూ: "నాకిష్టం లేదు, ఇప్పుడొద్దు అని సెప్పొచ్చా?"

"చెప్పొచ్చు. ఎప్పుడైనా చెప్పొచ్చు. ఆ మాట సినిమాలో లేదు, నేను చెప్తున్నాను, రాసుకోండి."

అక్కడక్కడ నవ్వులు వచ్చాయి. నాకూ వచ్చింది. నవ్వితే ఏమీ కాలేదు. ఆరేళ్ళు దేనికి భయపడ్డానో తలుచుకుంటే ఏడుపొచ్చింది. గంటా నలభై నిమిషాలు అడిగారు. తెలియనివి తెలియవన్నాను, గవరమ్మ చెప్పింది.

చివర ఒక కొత్త పెళ్ళికొడుకు లేచాడు. "పారీమంటన్నారు, ఎక్కడ పారీయాల టీచరమ్మా? కమిటీ గది కాడ పేరు రాయించుకుని ఏస్తే నెలాఖరుకి ఊరందరి ముందూ సదువుతారు. నాను సచ్చినా ఎయ్యను."

అప్పుడు వెనక బల్ల మీంచి కర్ర చప్పుడైంది. దాలినాయుడుగారు చెయ్యెత్తారు. ఊరి అధ్యక్షుడు, చిన్నపిల్లాడిలా చెయ్యెత్తి నిలబడ్డారు, నేను పిలిచేదాకా ఆగారు.

"మూత డబ్బాలు సందుకి ఒకటి సాలేటి, రెండు కావాలా?" అన్నారు.

"రెండు," అన్నాను. "పేర్లు రాయకుండా."

"పేర్లు రాయకుండా," అన్నారు ఆయన. కర్ర ఊతంతో తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, నా వైపు చూడకుండా, "నా పడక ఆ నీలవేణి గుంటకి రాసీ" అని వెళ్ళిపోయారు.

రోజు 9381

హాజరు పన్నెండు. పాఠం, ఎముకలు.

నా తుంటి అప్పుడే గొడవ మొదలెట్టింది. కర్ర దాలినాయుడుగారే ఇచ్చారు, ఆయన దగ్గర రెండున్నాయి. మా బకెట్టుకి మూత వేసి మళ్ళీ సందులో పెట్టారు, బడికి నీళ్ళు ఇప్పుడు కుండతో తోడుకుంటున్నాం. గోదాంలో ఒక్క నెలలో ఎనిమిది వందలు తగ్గాయి. కమిటీలో ఒకాయన ఇది దుబారా అన్నాడట, గవరమ్మ పట్టుకుని దులిపేసిందట.

ఇవాళ నీలవేణి చక్రంలోకి వెళ్ళింది. సాగనంపడానికి వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే బరువు మీద పడుతుంది కదా, "అమ్మో, కాళ్ళు ఇనపవైపోయేయి," అని నవ్వింది. పోలిబాబు పక్క దుప్పటి సర్దుతున్నాడు.

నాకు చాలా రోజుల నుంచి ఒకటి అడగాలని ఉంది. అడగలేక, రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. చివరికి అడిగేశాను.

"నీలా, అయిదేళ్ళ కిందట మీ క్లాసుకి ఆ సినిమా వేసినప్పుడు, అయిపోగానే, చీకట్లో ఒక చెయ్యి లేచింది. తెర వెలుతురులో కనపడింది నాకు. 'చెయ్యి దించు' అన్నాను. నువ్వేనా అది?"

"నేనే టీచరమ్మా. మీరు గట్టిగా కసిరేరు కూడా."

"ఏం అడుగుదామనుకున్నావే?"

అది దుప్పటి అంచు నలిపింది. చెప్పి నన్ను బాధపెట్టడం దానికి ఇష్టం లేదని తర్వాత అర్థమైంది.

"ఇవి గిన్నెలతో కలిపి కడగాలా, ఇడిగా కడగాలా అని."